ఫీల్డు పోస్టింగ్‌లో నాలుగు రచనలను నడుపుకొనే విధానం

సైన్యంలో చేరాక మొదటిసారి ఫీల్డు, అంటే సరిహద్దు వైపు, పోస్టింగ్‌కు బయలుదేరిన రోజున నా నల్ల ట్రంకు పెట్టెలో, ఉన్ని బట్టల కింద, నాలుగు లాంగ్ నోటుపుస్తకాలు పెట్టుకొని వెళ్లాను. ఒకటి మా అమ్మ, పెద్దమ్మలు పాడే బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, మోట పాటలు రాసిపెట్టడానికి. రెండవది పాలమూరు నుంచి వలస వెళ్లిన ఒక మట్టిపని గుంపును గురించిన నవలకు. మూడవది అప్పటికి నాలుగేళ్ల వయసున్న నా బిడ్డకు ఉత్తరాల రూపంలో చెప్పదలచిన కథలకు. నాలుగవది దేవరకొండ వైపున్న మా ఊరి చరిత్రకు. ఎనిమిది నెలల తర్వాత సెలవు మీద ఇంటికి వచ్చి పెట్టె తెరిస్తే, నాలుగింటిలోనూ మొదటి పదేసి పేజీలు మాత్రమే నిండి ఉన్నాయి. పైగా ఆ పది పేజీలలో సగం ఒకే విషయాన్ని మూడుసార్లు మొదలుపెట్టి కొట్టివేసినవి.

సమయం దొరకలేదని అప్పుడు అందరికీ చెప్పాను. తర్వాతి పోస్టింగులలో జాగ్రత్తగా గమనిస్తే ఆ మాట నిజం కాదని తెలిసింది. ఫీల్డులో సమయం దొరుకుతుంది, అయితే అది దొరికే తీరు మన ఇష్టంలో ఉండదు. మంచు కురిసి దారి మూసుకుపోతే మూడు రోజులు కదలిక ఉండదు. కాన్వాయ్ కోసం కిట్ కట్టుకొని నాలుగు గంటలు కూర్చోవలసి వస్తుంది. గార్డు డ్యూటీలో రెండు గంటలు నిలబడ్డాక నాలుగు గంటల విరామం వస్తుంది. ఆ తర్వాత ఇరవై రోజులు పుస్తకం ముట్టుకొనే అవకాశమే రాదు. ఇరవై రోజుల తర్వాత నవల తెరిచినప్పుడు ఎక్కడ ఆపానో, ఎందుకు ఆపానో గుర్తుకు రాక, మొదటి నుంచి చదవడంలోనే దొరికిన గంట అయిపోయేది. రాయవలసినవి నాలుగు ఉన్నందువల్ల ఈ నష్టం నాలుగింతలయ్యేది. అందువల్ల నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, అనేక రచనలను సమతూకంలో నడపడమంటే గంటలను వాటి మధ్య పంచడం కాదు. ఏ రచననైనా ఏ క్షణంలోనైనా మధ్యలో వదిలి, నెల తర్వాత ఐదు నిమిషాలలో మళ్లీ అందుకొనేటట్లు దాన్ని తయారుచేసి పెట్టుకోవడం.

అప్పగింత చీటీ

దీనికి ఉపాయం మనం రోజూ చేసే పనిలోనే ఉంది. సంత్రీ మారేటప్పుడు దిగిపోయే జవాను ఊరికే వెళ్లిపోడు. ఏమి చూశాడో, ఏ వైపు కన్ను వేసి ఉంచాలో, చార్జ్‌లో ఏమేమి వస్తువులున్నాయో వచ్చే జవానుకు చెప్పి, లెక్క అప్పగించి మరీ కదులుతాడు. రచనను వదిలేటప్పుడు కూడా అదే చేయాలి. ఇక్కడ చార్జ్ తీసుకొనే జవాను మీరే, కాకపోతే నెల రోజుల తర్వాత, వేరే పోస్టులో, వేరే మనఃస్థితిలో ఉన్న మీరు. ఆ మనిషికి ఇప్పుడు మీ తలలో ఉన్నదేమీ గుర్తుండదని అనుకొనే చీటీ రాయాలి.

ప్రతి నోటుపుస్తకం చివరి పది పేజీలను దీనికోసం వదలండి. పది నిమిషాలే దొరికినా, అందులో ఏడు నిమిషాలు రాసి, మూడు నిమిషాలు చీటీకి కేటాయించండి. చీటీలో నాలుగు సంగతులు ఉండాలి: ఎక్కడ ఆగాను, తర్వాత ఏమి జరగాలి, ఏ సందేహం మిగిలింది, ఏది ముట్టుకోకూడదు. నా నవల పుస్తకంలో నుంచి ఒక చీటీని ఉన్నది ఉన్నట్లు ఇస్తున్నాను.

"గుంపు రైలు దిగింది. మేస్త్రీ ఇంకా రాలేదు. తర్వాత: టీ కొట్టు పక్కన ఎదురుచూపు. ఎల్లమ్మ సద్ది మూట విప్పాలి కానీ తినకూడదు, మళ్లీ కట్టాలి. సందేహం: అప్పట్లో ఇంటికి ఎంత అడ్వాన్సు ఇచ్చేవారు? అమ్మను అడగాలి. మొదటి అధ్యాయం జోలికి పోవద్దు."

ఈ చీటీ రాసిన నలభై రోజులకు, వేరే పోస్టు మీద, బంకర్‌లో బుఖారీ (వేడి కోసం పెట్టే పొయ్యి) పక్కన కూర్చొని పుస్తకం తెరిచాను. ఎల్లమ్మ మూట విప్పి మళ్లీ కట్టే దృశ్యం రాయడానికి నాకు వెనుక పేజీలు తిప్పవలసిన అవసరమే రాలేదు. ఆ చివరి వాక్యం, మొదటి అధ్యాయం జోలికి పోవద్దన్నది, నేను అన్నింటికంటే ఎక్కువ విలువ ఇచ్చే వాక్యం. విరామం తర్వాత తిరిగి వచ్చిన ప్రతిసారీ మన చెయ్యి పాత పేజీలను దిద్దడానికే వెళ్తుంది, ఎందుకంటే కొత్త పేజీ కంటే అది సులువు. ఫీల్డులో దిద్దుబాటు మొదలుపెట్టిన రచన ముందుకు సాగినట్లు నా అనుభవంలో లేదు. దిద్దుబాటును సరిహద్దుకు దూరంగా ఉండే పీస్ స్టేషన్‌కు వాయిదా వేయండి.

తేలని విషయాల కోసం ఆగిపోకూడదు. నా నవలలోని గుంపు నాగార్జునసాగర్ కట్ట పని మీదకు వెళ్తుంది. ఆ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిందనీ, 1967లో కాలువలకు నీళ్లు వదిలారనీ నాకు తెలుసు. కానీ ఆ మధ్య కాలంలో రాళ్లు మోసే ఆడమనిషికి రోజు కూలి ఎంతో నాకు తెలియదు. అక్కడ ఒక చిన్న త్రిభుజం గీసి, వాక్యాన్ని ముందుకు నడిపించి, ఆ ప్రశ్నను చివరి పేజీలో రాసుకొనేవాడిని. సెలవు వచ్చేసరికి అటువంటి త్రిభుజాలు ముప్పయికి పైగా పోగయ్యేవి. కట్ట పని చేసిన ముసలివాళ్లు ఇంకా మన ఊళ్లలో ఒకరో ఇద్దరో ఉన్నారు కాబట్టి, ఆ జాబితా పట్టుకొని వాళ్ల అరుగు మీద కూర్చుంటే ఒక పూటలో సగం త్రిభుజాలు తీరిపోయేవి.

ఏ రచన ఎంత అలసటను ఓర్చుకుంటుంది

రచనలను ముఖ్యమైనవి, కానివి అని విడదీయడం వల్ల ఫీల్డులో ప్రయోజనం లేదు. ఏ రచన ఎంత అలసటలో నడుస్తుందో తెలుసుకొని విడదీయాలి. రాత్రి పెట్రోలింగ్ నుంచి వచ్చిన మనిషి నవల రాయలేడు, రాసినా మరునాడు కొట్టివేస్తాడు. అదే మనిషి, కాళ్లు చాపుకొని, ఫోనులో రికార్డు చేసుకొని తెచ్చిన పాటను విని ఒక్కో చరణం కాగితం మీద దించగలడు. పాట దించే పనికి కొత్తగా ఏదీ ఊహించనవసరం లేదు; చెవి పని చేస్తే చాలు.

పాటల సేకరణ చేస్తున్నవారికి ఒక మాట విడిగా చెప్పాలి. ఈ పని చెయ్యి తిరిగినకొద్దీ యాంత్రికమవుతుంది కాబట్టి, మాటలను పుస్తకాల భాషలోకి మార్చివేసే ప్రమాదం ఉంటుంది. ఒక నాట్ల పాటలో అమ్మ "తుకం" అన్నది. నేను నిద్రమత్తులో దాన్ని "నారు" అని రాసుకున్నాను, అర్థం దగ్గరే కదా అని. పది రోజుల తర్వాత సిగ్నల్ దొరికి ఫోను చేసినప్పుడు అడిగితే, "తుకం పోసుడంటే ఇత్తనాలు అలుకుడు కొడుకా, నారంటే అది మొలిచినంక" అన్నది. ఆ పాటలో ఆడమనిషి బాధ అంతా తుకం పోసిన తర్వాత, నారు ఎదగక ముందు, వాన కోసం ఎదురుచూసే రోజులది. నారు అని రాస్తే ఆ పాటలో ఎదురుచూపే లేకుండా పోతుంది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: అలసిన రోజున విన్నది విన్నట్లు దించాలి, అర్థం కాకపోయినా మార్చకూడదు, ఎడమ వైపు మార్జిన్‌లో గీత పెట్టి వదలాలి. మోట పాటలలో ఈ గీతలు మరీ ఎక్కువ వచ్చాయి. ఎడ్లతో మోట కొట్టి నీళ్లు తోడడం నా చిన్ననాటికే ఆగిపోయింది కాబట్టి, మోటబొక్కెనకు, దాని తాళ్లకు, గిరకకు, ఎడ్లు నడిచే దారికి వాళ్లు వాడిన పేర్లలో సగం నేను ఎన్నడూ వినలేదు.

బిడ్డకు రాసే కథలు మధ్యస్థమైనవి. వాటికి మనసు తేటగా ఉండాలి గానీ ఎక్కువ సమయం అక్కరలేదు. ఒక కథ ఒక్కసారి కూర్చున్నప్పుడే ముగిసిపోవాలి, లేదా అసలు మొదలుపెట్టకూడదు. గార్డు డ్యూటీ మధ్య విరామంలో, నిద్ర సరిపోయిందనుకున్న పూట, నేను వీటిని రాసేవాడిని. కాన్వాయ్ కోసం ఎదురుచూసే గంటలు కూడా వీటికి బాగా కుదిరేవి. నవలకు మాత్రం దారి మూసుకుపోయిన రోజులు, ఆదివారం మధ్యాహ్నాలు కావాలి. కనీసం గంటన్నర ఎవరూ పిలవరని నమ్మకం ఉన్నప్పుడే నవల పుస్తకాన్ని తెరవండి.

ఊరి చరిత్ర సంగతి వేరు. ఆ పనికి 1954-55 నాటి ఖాస్రా పహాణీ (భూముల రికార్డు) నకళ్లు కావాలి, తహసీల్దారు కార్యాలయానికి తిరగాలి, గుడి దగ్గరి శాసనాన్ని పగటి వెలుతురులో నిలబడి చదవాలి. ఇవేవీ సరిహద్దు దగ్గర కూర్చొని చేయగలిగేవి కావు. రెండు పోస్టింగుల పాటు ఆ పుస్తకాన్ని మోసి, చూసిన ప్రతిసారీ ఏదో తప్పు చేసినట్లు బాధపడ్డాక, దాన్ని ఇంటి దగ్గర అల్మరాలో పెట్టి వచ్చాను. పెట్టిన రోజున మిగిలిన మూడు రచనలు తేలికయ్యాయి. నాలుగు చోట్లా తిరిగి వెతకవలసిన పని ఉన్న ఏ రచననైనా ఫీల్డుకు తీసుకొనిపోవద్దని నా గట్టి సలహా.

ఒకటి ముందు, ఒకటి వెనుక

మిగిలిన మూడింటిలో కూడా ఒకేసారి రెండిటికి మించి చేతిలో ఉంచుకోవద్దు. ఒకటి ముందు వరుసలో ఉండాలి, ఒకటి వెనుక. ముందున్నదానికి మంచి గంటలన్నీ ఇవ్వాలి. వెనుకనున్నది అలసిన గంటలలో నడవాలి. అందువల్ల ఆ రెండూ ఒకే రకానివి కాకూడదు: రెండు నవలలను, లేదా నవలను, నాటకాన్ని జంటగా పెడితే అవి ఒకే తిండి కోసం కొట్లాడుకుంటాయి. నవల, పాటల జంట నాకు ఏడేళ్లు నడిచింది. మూడవ పుస్తకం ట్రంకు పెట్టెలో అడుగున ఉంటుంది, దాని వంతు వచ్చేదాకా బయటకు రాదు.

వంతు మార్చడానికి కూడా ఒక గుర్తు ఉండాలి. నవల బిగుసుకుపోయినప్పుడు కథల మీదకు దూకాలనిపిస్తుంది. ఆ కోరికకు లొంగితే నెలలో నాలుగుసార్లు మారుతాము. సెలవు నుంచి తిరిగి వచ్చినప్పుడు, లేదా యూనిట్ ఒక చోటి నుంచి మరో చోటికి కదిలినప్పుడు మాత్రమే ముందు, వెనుకలను మార్చండి. ఆ తేదీలు మన మూడ్ మీద ఆధారపడవు, అదే వాటిలోని మేలు.

పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించి, దాన్ని నడుపుతూనే కథలు, కవితలు, నాటకాలు, వ్యాసాలు, సాంఘిక చరిత్ర రాశారు. ఇన్ని పనులు ఒక మనిషి చేయగలడనడానికి మన ప్రాంతంలో అంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. అయితే పత్రిక నడిపేవారికి ఒక సౌకర్యం ఉంది: అచ్చుకు వెళ్లే రోజు వారికి ముందే నిర్ణయమై ఉంటుంది, ఆ రోజుకు రాత సిద్ధం కావలసిందే. ఫీల్డులో ఉన్నవారికి అటువంటి రోజు లేదు. దాన్ని మనమే పెట్టుకోవాలి, పెట్టుకోవడానికి సెలవు తేదీ కంటే మంచిది లేదు. "ఈ సెలవుకు పోయేలోపు నలభై పాటలు" అనుకుంటే, సెలవు ఎప్పుడు మంజూరైనా ఆ లెక్క దానితోపాటు ముందుకో వెనక్కో జరుగుతుంది.

రాయకూడనివి

ఇది నేను కొంచెం కఠినంగానే చెప్తాను. 1954 నాటి ఆర్మీ రూల్స్‌లోని 21వ నిబంధన ప్రకారం, సైన్యంలో ఉన్న వ్యక్తి రాజకీయ విషయాలపైన గానీ, సర్వీసుకు సంబంధించిన విషయాలపైన గానీ, సర్వీసు సమాచారం ఉన్న ఏ పుస్తకాన్ని గానీ, వ్యాసాన్ని గానీ, ఉత్తరాన్ని గానీ కేంద్ర ప్రభుత్వం లేదా అది నిర్దేశించిన అధికారి ముందస్తు అనుమతి లేకుండా ప్రచురించకూడదు. కథ అని పేరు పెట్టినంత మాత్రాన అది సర్వీసు సమాచారం కాకుండా పోదు. పారామిలిటరీ దళాలలో ఉన్నవారికి వారి వారి నియమాలు ఉంటాయి, అవి వేరుగా చదువుకోవాలి. ఫోను విషయంలో కూడా ఆదేశాలు మారుతూ ఉంటాయి. 2020 జులైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తొలగించాలని సైన్యం తన సిబ్బందిని ఆదేశించింది. కాబట్టి ఈ రోజున ఏది అమలులో ఉందో మీ యూనిట్‌లో అడిగి తెలుసుకోండి, స్నేహితుడు చెప్పినదాని మీద నడవవద్దు.

ప్రచురణ సంగతి అలా ఉంచి, సొంత నోటుపుస్తకంలో కూడా కొన్ని రాయవద్దు. పోస్టు పేరు, యూనిట్ నంబరు, ఎంతమంది ఉన్నారు, ఏ తేదీన కదిలారు, ఏ ఆయుధం ఎక్కడ ఉంది, ఏ అధికారి ఏమన్నాడు అన్నవి కాగితం మీదకు రాకూడదు. పుస్తకం పోవచ్చు, ఎవరి చేతిలోనైనా పడవచ్చు. పెట్రోలింగ్‌కు వెళ్లేటప్పుడు ఏ పుస్తకమూ జేబులో ఉండకూడదు. అప్పగింత చీటీలకు తేదీ వేయాలనిపిస్తే "పాట 17 తర్వాత", "మూడవ అధ్యాయం మధ్య" అని వేసుకోండి, అది చాలు. దీనివల్ల రచనకు నష్టం ఏమీ లేదు. నవలలోని గుంపు పాలమూరు నుంచి వెళ్లినది, పాటలు మా చేల గట్ల మీదివి, కథలు నా బిడ్డ కోసం. చుట్టూ ఉన్న కొండలను గురించి ఒక్క వాక్యం కూడా రాయకుండా ఆ మూడూ నడిచాయి.

మరొక జాగ్రత్త మన భాషకు సంబంధించినది. తెలుగు చదవడం రాని తోటివారి మధ్య, రోజూ ఒక మూలన కూర్చొని వారికి అర్థం కాని లిపిలో ఏదో రాసుకొనే మనిషి మీద అనుమానం కలగడం సహజం. కొత్త చోటికి వెళ్లిన మొదటి వారంలోనే సీనియర్ జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) సాబ్ దగ్గరకు పుస్తకం పట్టుకొని వెళ్లి, ఇది అమ్మ పాడిన పాట, ఇది వలస కూలీల కథ అని హిందీలో చెప్పి చూపించండి. నేను అలా చూపించిన ప్రతిచోటా రాసుకోవడం నాకు సులువయింది. ఒక సుబేదార్ సాబ్ అయితే తన ఊరి పెళ్లి పాట ఒకటి పాడి, దాన్ని కూడా రాసుకొమ్మన్నారు.

డ్యూటీలో ఉండగా కథను గురించి ఆలోచించవద్దు. చేతిలో కాగితం లేకపోయినా, మనసు ఎల్లమ్మ దగ్గర ఉంటే కళ్లు ముందున్నదాన్ని చూడవు. పక్కనున్న తోటివాడి ప్రాణం మీ చూపు మీద ఆధారపడి ఉంది. నిద్రను తగ్గించుకొని రాయడం కూడా ఇటువంటిదే, అది తర్వాతి డ్యూటీ నుంచి అప్పు తేవడం.

కాగితం, పెన్ను, తడి

ఎత్తైన చలి ప్రదేశాలలో బాల్‌పెన్ సిరా గట్టిపడి గీత పడదు. లోపలి జేబులో పెన్ను పెట్టుకొని ఒంటి వేడితో మెత్తబరిచి రాయవచ్చు గానీ, అర పేజీ తర్వాత మళ్లీ ఆగిపోతుంది. పెన్సిల్‌కు ఈ ఇబ్బంది లేదు. రెండు పెన్సిళ్లు, ఒక చెక్కుడు మర ఎంత బరువూ ఉండవు. ఫోను బ్యాటరీ కూడా చలిలో త్వరగా దిగిపోతుంది కాబట్టి, పాటల రికార్డింగులు ఉన్న ఫోనును బనియను మీది జేబులో ఉంచుకోవాలి.

తడి గురించి నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఈశాన్యంలో ఉన్నప్పుడు ఒక కదలికలో నా ట్రంకు పెట్టె వెనుక స్టోర్‌లో ఉండిపోయింది, వానాకాలం మొత్తం అక్కడే ఉంది. నాలుగు నెలల తర్వాత మూత తీస్తే బూజు వాసన వచ్చింది. నవల తొంభై పేజీలు, మంచి అక్షరాలతో ఉండాలని జెల్ పెన్నుతో రాసినవి, నీలం మరకలుగా మారి ఉన్నాయి. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే అక్కడక్కడ ఒక దీర్ఘం, ఒక కొమ్ము కనబడ్డాయి గానీ ఒక్క పూర్తి వాక్యం దొరకలేదు. దాని కిందనే ఉన్న పాటల పుస్తకం అంతే తడిసింది, కాగితాలు ఒకదానికొకటి అతుక్కున్నాయి, కానీ పెన్సిల్‌తో రాసినందున ఒక్కొక్కటిగా విడదీసి ఆరబెడితే ప్రతి చరణమూ చదవడానికి వచ్చింది. జెల్ పెన్ను సిరా నీటితో చేసినది, నీటికి కరిగిపోతుంది. బాల్‌పెన్ సిరా నూనెతో చేసినది, చాలావరకు నిలుస్తుంది. అప్పటి నుంచి చలి ప్రాంతంలో పెన్సిల్, వాన ప్రాంతంలో బాల్‌పెన్ తప్ప మరొకటి వాడలేదు. పుస్తకాన్ని రెండు పాలిథీన్ సంచులలో, ఒకదాని మూతి పైకి, ఒకదాని మూతి కిందికి ఉండేటట్లు చుట్టి పెట్టండి.

రాత్రి వెలుతురు విషయంలో పోస్టు నియమం ఏదైతే అదే. వెలుగు బయటికి కనబడే చోట రాయడం ఆలోచించదగిన విషయమే కాదు.

ఇంటికి పంపడం

ఇరవై పేజీలు నిండగానే పంపించివేయండి, పుస్తకం నిండేదాకా ఆగవద్దు. అందుకే నేను కుట్టిన పుస్తకాలు మాని, చింపడానికి వీలైన కాగితాల ప్యాడ్‌లు వాడడం మొదలుపెట్టాను. ఫీల్డులో ఉన్నవారి ఉత్తరాలు ఆర్మీ పోస్టల్ సర్వీసు ద్వారా, 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) లేదా 99 ఏపీఓ చిరునామాతో నడుస్తాయి. అందులో ఊరి పేరు ఉండదు. ఇంటి నుంచి వచ్చే సమాధానాల మీద కూడా ఆ చిరునామాయే ఉండాలని, బయట కవరు మీద ఎక్కడ ఉన్నదీ రాయవద్దని ఇంటివారికి ముందే నేర్పించండి.

ఇంటి దగ్గర ఆ కాగితాలను అందుకొనే మనిషి ఒకరే ఉండాలి. మా ఇంట్లో ఆ పని మా వదినె చేసింది. ఆమెకు నేను చెప్పింది ఇంతే: ప్రతి పేజీ పైన మూలన ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి, "న" అంటే నవల, "పా" అంటే పాటలు, "క" అంటే కథలు, చదవనవసరం లేదు, అంకెల వరుసలో దారం కట్టి పెట్టు. ఆమె చదివింది కూడా. చదివి, ఎల్లమ్మ మూట విప్పిన చోట, "పిల్లకైనా ఒక బుక్క పెట్టకుంట ఎట్ల కడతది మరిదీ" అని ఉత్తరంలో రాసింది. దృశ్యం మార్చాను. అంకెల పద్ధతి వల్ల ఏదైనా పేజీ చేరకపోతే వెంటనే తెలిసేది: 61 తర్వాత 63 వచ్చిందని వదినె ఫోనులో చెప్పగానే, జ్ఞాపకం చెదరకముందే ఆ పేజీని తిరిగి రాయగలిగాను.

పీస్ స్టేషన్‌కు వచ్చాక వాటిని యూనికోడ్ తెలుగులో ఫోనులో టైపు చేసుకోవచ్చు. ఫీల్డులో టైపింగు మీద ఆధారపడవద్దు.

సెలవులో చేయవలసినది

ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు అని లెక్క ఉన్నప్పటికీ, అవి ఎప్పుడు, ఎన్ని భాగాలుగా వస్తాయన్నది యూనిట్ అవసరాన్ని బట్టి ఉంటుంది. ఆ రోజులలో కూర్చొని నవల రాస్తామనుకోవడం పొరపాటు. బోరు మోటారు కాలిపోయి ఉంటుంది, మేనకోడలి పెళ్లి ఉంటుంది, నాయినను నల్లగొండ ఆసుపత్రికి తీసుకొనిపోవలసి ఉంటుంది, బిడ్డ ఒళ్లో నుంచి దిగదు. ఇవన్నీ మీ కోసం నెలల తరబడి ఎదురుచూసినవి, వాటిని రాత కోసం పక్కకు నెట్టవద్దు. సెలవు సేకరణకు మాత్రమే. త్రిభుజాలకు సమాధానాలు, కొత్త పాటల రికార్డింగులు, అర్థం కాని మాటల వివరణలు, ఇవి మాటల మధ్యలోనే, పొలం గట్టు మీదనే దొరుకుతాయి.

వీలైతే బతుకమ్మ రోజులకు సెలవు అడగండి. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు ఊరి ఆడవాళ్లు పాడుతూనే ఉంటారు. అయితే ఆ గుంపులో, ఆ చప్పట్లలో రికార్డు చేసినవి పోస్టు మీద వింటే సగం మాటలు తెలియవు. సాయంత్రం ఆటలో ఏ పాట ఎవరు ఎత్తుకున్నారో పేరు మాత్రం రాసుకొని, మరునాడు పొద్దున పూలు కోసే వేళ ఆమెనే అడిగి, ఒంటరిగా పాడించుకోండి. ఫోను ఆమె నోటికి జానెడు దూరంలో, గాలి తగలని వైపు ఉండాలి. పాడిన తర్వాత వెంటనే ఆపివేయకుండా ఇంకో రెండు నిమిషాలు నడవనివ్వండి, ఆమె ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదో అప్పుడే చెప్తుంది.

పోస్టు నుంచి ఇంటికి వచ్చే రైలు ప్రయాణం రాతకు పనికిరాదని నా అభిప్రాయం, మనసు అప్పటికే ఊరు చేరి ఉంటుంది. తిరిగి వెళ్లే ప్రయాణం వేరు. ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయినా, నల్లగొండ మీదుగా హౌరా వెళ్లే ఫలక్‌నుమా అయినా, ఒక పగలూ రాత్రీ మీ చేతిలో ఉంటాయి. సెలవులో విన్న సమాధానాలను త్రిభుజాలున్న చోట నింపడానికి ఆ సమయం సరిగ్గా సరిపోతుంది.

పుస్తకం తెరవని రోజులు

కొన్ని రోజులు ఏ రచనా ఉండదు. తోటివాడు గాయపడినప్పుడు, లేదా తిరిగి రానప్పుడు, ముందు వరుస, వెనుక వరుస అన్న లెక్కలన్నీ పక్కకు పోతాయి, పోవాలి. అటువంటప్పుడు నేను ఇంటికి ఒక్క ఉత్తరం మాత్రం రాసేవాడిని, అందులో జరిగినది ఏదీ ఉండేది కాదు, బాగున్నానని మాత్రం ఉండేది. నెల రోజులు పుస్తకం ముట్టని సందర్భం కూడా ఉంది. ఆ సమయంలో రాయలేకపోతున్నానని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. నిద్ర పట్టకపోయినా, ఎవరితోనూ మాట్లాడాలని అనిపించకపోయినా, రాతతో దాన్ని తీర్చుకోవాలని చూడకుండా బడీతో (డ్యూటీలో జంటగా ఉండే తోటివాడితో), జేసీఓ సాబ్‌తో, యూనిట్ డాక్టర్‌తో చెప్పండి. పోయినవాని కథను అతని ఇంటివారు ఒప్పుకోకుండా ఎన్నడూ రాయవద్దు. ఆ కథ వారిది.

ఆ రోజుల తర్వాత తిరిగి మొదలుపెట్టేటప్పుడు వెనుక వరుసలో ఉన్నదానితో మొదలుపెట్టండి. నేను పాటలతో మొదలుపెట్టాను. చెవిలో అమ్మ గొంతు వినిపిస్తుంటే రోజుకు ఒక చరణం దించాను, రెండు వారాలకు నవల చీటీ తీసి చదివాను.

సెలవు ముగిసే ముందు రాత్రి, పెట్టె కట్టేటప్పుడు, ముందు వరుసలో పెట్టదలచిన పుస్తకాన్ని అన్నింటికంటే పైన, ఉన్ని టోపీ పక్కన పెట్టండి. దాని చివరి పేజీలో, ఇంట్లో దీపం కింద కూర్చొని, ఒక చీటీ రాయండి: పోస్టు చేరాక మొట్టమొదట రాయవలసిన వాక్యం ఏదో అందులో ఉండాలి. నా చివరి ఫీల్డు పోస్టింగ్‌కు బయలుదేరిన రాత్రి రాసిన చీటీలో, "ఎల్లమ్మ పిల్లకు ఒక బుక్క పెట్టింది, మేస్త్రీ అప్పుడు వచ్చాడు" అని ఉంది.